అమ్మాయి పచ్చబొట్టు వేయించుకుంటానంటే...

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగపాఠం)



ఇవాళ మీతో ముచ్చటించాలనుకున్న విషయం వంటా కాదు, కుట్టుపనీ కాదు. మా ఇంట్లో అయిదు నెలలుగా నలుగుతున్న ఒక సంగతి. మీ ఇంట్లోనూ ఇలాంటిదే నలుగుతూ ఉండవచ్చు. లేకపోతే రేపో మాపో రావచ్చు. అంచేత చేతిలో పని ఆపనక్కరలేదు గాని, చెవి మాత్రం ఇటు పెట్టండి.

మా అమ్మాయికి ఇరవై మూడేళ్ళు. బెంగుళూరులో ఉద్యోగం. పగలు ఆఫీసు, సాయంత్రం జపాను భాష క్లాసు. వాళ్ళ కంపెనీకి జపాను వాళ్ళతో పనులున్నాయట. భాష వస్తే అక్కడికి పంపించే అవకాశం ఉందట. మాకూ సంతోషమే. పోయిన పండక్కి వచ్చినప్పుడు ఫోనులో ఒక బొమ్మ చూపించింది. చెయ్యి మోచేతి దగ్గర్నించి భుజం దాకా నీలి అలలు, వాటి మధ్య ఎర్రని పెద్ద చేప ఒకటి పైకి ఎగబాకుతోంది. "బాగుందా అమ్మా?" అంది. బాగుందన్నాను. చీరకు డిజైను చూపిస్తోందేమో అనుకున్నాను. "నా చేతిమీద వేయించుకుంటాను" అంది.

ఇంకేముంది! గుండె గుభేలుమంది. "నీకేమైనా మతి పోయిందా? రేపు పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? మన పరువేం కావాలి?" అని గబగబా నాలుగు మాటలు అనేశాను. మీరైనా అదే అని ఉంటారు, అవునా? అప్పుడు మా అత్తగారు వసారాలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నారు. "ఏందిమ్మే అది, ఇట్ల తే" అని ఫోను తీసుకుని చూశారు.

"చేపనా ఇది?"

"అవునవ్వా, జపాను చేప. ఏటికి ఎదురీదుతుంది."

"మన పెన్నలోనే నీళ్ళు లేవు గదే. నీ రెట్ట మీద యాడ ఈదుతుంది పాపం!"

అందరం నవ్వేశాం. ఆ నవ్వుతో నా కోపం సగం దిగింది. మిగిలిన సగం దిగడానికి ఇంకా కొన్నాళ్ళు పట్టింది. ఆ సంగతే చెబుతాను.

మా అత్తగారి చేతులు మీరు చూడాలి. కుడి ముంజేతి మీద తులసి కోట. ఎడమ చేతి మీద తేలు. మణికట్టు చుట్టూ చుక్కలు, కడియం వేసుకున్నట్టు. నొసటన ఒక చుక్క, గడ్డం మీద ఒకటి. ఎనభై దాటిన ఒంటిమీద చర్మం ముడతలు పడి, ఆ గీతలు కొంచెం అలుక్కుపోయాయి గాని, పోలేదు. ఆవిడ పుట్టినిల్లు కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. 1952 కరువులో గంజి కేంద్రం ముందు తపేలా పట్టుకుని నిలబడిన పిల్లల్లో ఆవిడ ఒకరు. మరో అయిదేళ్ళకు, పన్నెండో ఏట, ఈ పచ్చబొట్లు పడ్డాయి.

ఎరుక చెప్పే ఆడవాళ్ళే ఆ రోజుల్లో ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచేవారు. సూదులు నాలుగైదు దారంతో గట్టిగా కట్టి పెట్టుకునేవారు. రంగు ఎలా చేసేవారనుకుంటున్నారు? అవిసె ఆకూ పసుపూ నూరి, గుడ్డలో చుట్టి వత్తి చేసి, ఆముదపు దీపంలో వెలిగించి, దాని మీద కొత్త కుండ బోర్లిస్తే పట్టే మసి అది. ఆ మసిని నీళ్ళతో గాని, పసిబిడ్డ తల్లి పాలతో గాని కలిపేవారు. ఈ పద్ధతి 1909లో అచ్చయిన థర్‌స్టన్ దొర పుస్తకంలో, దక్షిణ భారతపు కులాలూ తెగల మీద రాసినదానిలో, వివరంగా ఉంది.

నల్లని మసి పెడితే బొట్టు పచ్చగా ఎందుకు కనబడుతుందని నాకు చిన్నప్పటి నుంచీ సందేహం. దూరపు కొండలు నీలంగా కనిపించడం లాంటిదే నట. పై చర్మం కింద ఉన్న మసి మీద వెలుగు పడి, చర్మం లోంచి చెదిరి తిరిగి వచ్చేటప్పుడు ఆ రంగు వస్తుంది. మరి ఎందుకు చెరగదు? పై చర్మం ఎప్పటికప్పుడు రాలి కొత్తది వస్తూ ఉంటుంది గాని, సూది దిగేది దాని కింద పొరలోకి. అక్కడ ఒంటిని కాపాడే కణాలు ఆ రంగును బయటి వస్తువనుకుని మింగి పెట్టుకుంటాయి. అవి చనిపోతే ఆ రంగును వాటి పక్కనివి మింగుతాయి. అంటే మన ఒళ్ళే దాన్ని కాపలా కాస్తుందన్నమాట.

"నాకు బాగా గ్యాపకం" అని చెప్పారు అత్తగారు. "ఎరుకలామె పాట పాడతా పొడిచేది. నొప్పి తెలియకుండా ఉండల్లని. నేను ఏడుస్తా ఉంటే మాయమ్మ రెండు చేతులూ పట్టుకోని కూర్చునింది. మానెడు జొన్నలు పోసి, పాత చీర ఒకటి ఇచ్చి పంపించింది. నాలుగు దినాలు చెయ్యి వాచి సంగటి ముద్ద కూడా ఎత్తలేకపోతి."

"ఎందుకత్తా మరి అంత బాధ?"

"నగ గదమ్మా అది. కమ్మలు కుదవ పెట్టొచ్చు, కడియాలు అమ్ముకోవచ్చు. దీన్ని ఎవరు ఎత్తకపోతారు? సచ్చినా నాతోనే వస్తుంది."

ఆ మాట విన్నప్పుడు నాకు 2002 గుర్తొచ్చింది. వానలు మొహం చాటేసిన ఏడు. చేనులో బోరు వేయిద్దామని ఆవిడ చెవి కమ్మలు తాకట్టుకు వెళ్ళాయి. బోరులో నీళ్ళు పడలేదు, కమ్మలు తిరిగి రాలేదు. దేశంలో కెల్లా వాన తక్కువ పడే చోట్లలో మా అనంతపురం ఒకటని మీకు తెలుసు. ఇలాంటి చోట బంగారం ఆడదాని ఒంటిమీద నిలిచేది తక్కువ, తాకట్టు కొట్టులో ఉండేది ఎక్కువ. ఆవిడ చేతిమీద ఆ తేలు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా అమ్మాయి బడిలో చదివే రోజుల్లో వార్షికోత్సవానికి అత్తగారిని కూడా తీసుకువెళ్ళాను. మనవరాలికి బహుమతి ఇస్తున్నారని ఆవిడ కొత్త చీర కట్టుకుని బయలుదేరారు. గేటు దగ్గర నేను మెల్లిగా, "అత్తా, కొంగు నిండుగా కప్పుకోండి, చేతులు కనబడుతున్నాయి" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. కొంగు కప్పుకుని, కార్యక్రమం అయిపోయే దాకా అలాగే కూర్చున్నారు. చదువుకున్నవాళ్ళ మధ్య పల్లెటూరి మనిషిలా కనబడతారని నా భయం. నేను చదివింది పదో తరగతి. దానికే అంత బడాయి! ఇప్పుడు నా కూతురు అదే రకం బొమ్మకు తన జీతం డబ్బులు పోస్తానంటోంది. అత్తగారి చేతిమీద ఉంటే మోటు, అమ్మాయి చేతిమీద ఉంటే ఫ్యాషను అని నేనెలా చెప్పను? రెండింటికీ పరువు పేరే ఎత్తాను. అందుకని ఆ మాట పక్కన పెట్టేసి, అసలు ఈ జపాను పచ్చబొట్టు సంగతేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను. అమ్మాయే చదివి వినిపించింది.

వాళ్ళ సంప్రదాయపు పచ్చబొట్టును ఇరెజుమి అంటారు. చేత్తో పొడిచే పద్ధతికి తెబోరి అని పేరు. పొడుగాటి పిడికి వరుసగా సూదులు కట్టి, ఒక చేత్తో చర్మం బిగబట్టి, ఇంకో చేత్తో పొడుస్తారు. మన ఎరుకలామె పనికి దగ్గరగానే ఉంది కదండీ! వీపంతా వేయించుకోవాలంటే వారం వారం వెళ్తూ ఏళ్ళు పడుతుందట. 1827 నుంచి కునియోషి అనే చిత్రకారుడు ఒంటినిండా పచ్చబొట్లున్న వీరుల బొమ్మలు గీసి అచ్చు వేయించాడు. వాటిని చూసి అక్కడి కూలీలూ, మంటలార్పే వాళ్ళూ మోజు పడ్డారు. మంటలార్పే వాళ్ళు నీటికి అధిపతి అని డ్రాగన్‌ని వేయించుకునేవారట. ఇక మా అమ్మాయి చేప పేరు కోయి. మన బొచ్చె, శీలావతి చేపల కుటుంబమే. ఏటికి ఎదురీది జలపాతం ఎక్కిన చేప డ్రాగన్ అవుతుందని చైనాలో పాత కథ. పట్టుదలకు గుర్తన్నమాట.

అయితే అదే దేశంలో నేరం చేసినవాళ్ళకు కూడా ఒంటిమీద గుర్తు పొడిచే శిక్ష ఉండేది. 1870 దాకా సాగింది. మనల్నేం తక్కువ చేయకండి, కుంపిణీ వాళ్ళ కాలంలో మన దేశంలోనూ ఖైదీల నొసట నేరం పేరు పొడిచేవారు. 1849లో గాని ఆ పాడు అలవాటు పోలేదు. సూది ఒకటే, నగా అదే వేస్తుంది, మచ్చా అదే వేస్తుంది. 1872లో జపాను ప్రభుత్వం పచ్చబొట్లనే నిషేధించింది, విదేశీయులు తమను అనాగరికులనుకుంటారని. 1948లో ఎత్తేశారు. అప్పటికే అది రౌడీ ముఠాల గుర్తు అనే పేరు పడింది.

నన్ను ఆపి కూర్చోబెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. జపాను దక్షిణాన ఒకినావా దీవులున్నాయి. అక్కడ ఆడవాళ్ళు చేతుల వెనక, వేళ్ళ మీద పచ్చబొట్లు పొడిపించుకునేవారు. హజిచి అంటారు. పొడిచేవాళ్ళూ ఆడవాళ్ళే. పిల్ల పెద్దదైందనీ, పెళ్ళయిందనీ అది గుర్తు. అది లేకుండా చనిపోతే పై లోకంలో సుఖం ఉండదని వాళ్ళ నమ్మకం. 1899లో ప్రభుత్వం దాన్నీ నిషేధించింది. ఆ తరువాత హజిచి ఉన్న ఆడవాళ్ళు నలుగురిలోకి వచ్చినప్పుడు చేతులు దాచుకోవలసి వచ్చింది. అమ్మాయి ఆ వాక్యం చదువుతుంటే నేను మా అత్తగారి వైపు చూడలేకపోయాను. ఏ ప్రభుత్వమూ చెప్పకుండానే కొంగు కప్పించినదాన్ని నేనే కదా!

సరే, మరి జపాను వెళ్ళాలనుకునే పిల్ల జపాను పచ్చబొట్టు వేయించుకుంటే అక్కడ మెచ్చుకుంటారా? ఇక్కడే ఉంది తిరకాసు. అక్కడ వేడినీటి స్నానశాలలు చాలా ముఖ్యం. 2015లో వాళ్ళ పర్యాటక సంస్థ హోటళ్ళను, సత్రాలను విచారిస్తే, జవాబిచ్చిన వాటిలో 56 శాతం పచ్చబొట్టు ఉన్నవాళ్ళను స్నానానికి రానివ్వమన్నాయి. 13 శాతం కప్పుకుంటే రానిస్తామన్నాయి. 2013లో న్యూజీలాండు నుంచి వచ్చిన మావొరి పెద్దావిడ ఒకరిని, ముఖం మీద వాళ్ళ సంప్రదాయపు గుర్తు ఉందని, హొక్కైదోలో ఒక స్నానశాల వెనక్కి పంపేసింది. 2020లో అక్కడి సుప్రీంకోర్టు పచ్చబొట్టు పొడవడం వైద్యం కిందికి రాదు, డాక్టరు పట్టా అక్కరలేదు అని తీర్పు చెప్పింది. చట్టం మెత్తబడింది. జనం మనసు ఇంకా పూర్తిగా మెత్తబడలేదు. ఇది చదివాక మా అమ్మాయి కాస్సేపు మాట్లాడలేదు.

ఇక ఆరోగ్యం సంగతి. తల్లులుగా మనం గట్టిగా పట్టుకోవలసింది ఇదీ. జాతరల్లో బల్ల మీద బొమ్మల అట్ట పెట్టుకుని, బ్యాటరీ మిషనుతో వరుసగా పదిమందికి ఒకే సూదితో పొడిచే వాళ్ళను చూసే ఉంటారు. ఒకరి రక్తం అంటిన సూది ఇంకొకరికి గుచ్చితే కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి కూడా అంటుకోవచ్చు. హెపటైటిస్ బి కి టీకా ఉంది. పెద్దవాళ్ళకు మామూలుగా ఆరు నెలల్లో మూడు మోతాదులు. సి కి టీకా లేదు. కాబట్టి ఎక్కడ వేయించుకున్నా కొత్త సూది మన కళ్ళముందు విప్పాలి, రంగు కొత్త చిన్న గిన్నెలో పోయాలి, చేతికి కొత్త తొడుగులు వేసుకోవాలి. అడగడానికి మొహమాట పడకూడదు. కూరగాయల దగ్గర పుచ్చువంకాయ ఏరి పక్కన పెట్టే మనం, ఒంట్లోకి దిగే సూదిని చూడకుండా ఊరుకుంటామా?

రంగుల్లో ఏ రసాయనం ఉందో కూడా చూసుకోవాలి. ఐరోపా దేశాలు 2022 జనవరి నుంచి పచ్చబొట్టు రంగుల్లో వాడే వేల రసాయనాలకు హద్దులు పెట్టాయి. కొందరి ఒంటికి గాయం మానిన చోట చర్మం గడ్డకట్టి ఉబ్బుతుంది. భుజం, రొమ్ము మీద ఇది మరీ ఎక్కువ. మా ఇంట్లో అలాంటి ఒళ్ళు ఉంది, మా ఆయనకు టీకా వేసిన చోటే ఉబ్బింది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వెళ్ళకూడదు. గర్భవతులు ఆ ఊసే ఎత్తకూడదు. వేయించుకున్నాక 12 నెలల దాకా రక్తదానం చేయకూడదని మన దేశంలో 2017 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. సైన్యంలో చేరాలనుకునే పిల్లలుంటే ఇంకో మాట. మోచేతి నుంచి మణికట్టు దాకా చేతి లోపలి వైపున, అరచేతి వెనక వైపున తప్ప ఇంకెక్కడా చెరగని పచ్చబొట్టు ఉండకూడదని నియమం. ఆచారంగా వేయించుకునే గిరిజనులకు సడలింపు ఉంది.

"నచ్చకపోతే లేజరుతో తీయించుకుంటాను" అంటారు పిల్లలు. తీయించుకోవచ్చు. కాని ఒకసారితో పోదు. వారాల తరబడి ఎడమిచ్చి పలుమార్లు వెళ్ళాలి. నల్లరంగు కొంత సులువుగా పోతుంది, రంగురంగులవి మొండికేస్తాయి. వేయడానికి అయిన ఖర్చు కంటే తీయడానికి ఎక్కువ కావచ్చు. మా బంధువుల అబ్బాయి ఒకడు జాతరలో ఒక పేరు పొడిపించుకున్నాడు. పెళ్ళి వేరే పేరు గల అమ్మాయితో అయింది. మా అనంతపురం ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో కూడా వాడు పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటాడు. పాపం, ఎందుకురా అని ఎవరూ అడగరు.

ఇవన్నీ విన్నాక ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి వాళ్ళ అవ్వను అడిగింది. "అవ్వా, నీకు మళ్ళీ పన్నెండేళ్ళు వచ్చి, పొడిపించుకుంటావా అని అడిగితే ఏం చెబుతావు?"

అత్తగారు సంగటి ముద్ద చేతిలోనే పెట్టుకుని చాలాసేపు ఆలోచించారు. ఆవిడ నవ్వుతూ సరే అంటారనుకున్నాను నేను.

"ఏమో పాపా. నన్ను అడిగినోళ్ళు లేరు. ఈ తేలు నాకు బాగుంటుంది. దీన్ని చూస్తే మాయమ్మ గ్యాపకం వస్తుంది. నొసటి మీద చుక్క మాత్రం నాకు ఇష్టం లేదు. వద్దంటే ఇనలేదు. అరవై ఏండ్ల పైన అయింది, అద్దంలో చూసుకున్నప్పుడల్లా అదే మతికొస్తుంది. నిన్ను మీ అమ్మ అడగతాంది గదా. అడిగినప్పుడు నిదానంగా చెప్పల్ల. తొందరేముంది?"

అంతవరకు ఆ చుక్క ఆవిడకు ఇష్టం లేదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళ కాపురంలో నేనూ అడగలేదు. ఒకరేమో బలవంతాన పొడిపించారు. నేనేమో బలవంతాన కప్పించాను. ఒళ్ళు ఆవిడది, నిర్ణయాలన్నీ ఇంకొకరివి.

అందుకని అమ్మాయితో మేము ఒక ఒప్పందానికి వచ్చాం. నేను వద్దనను, వేయించుకోమనీ అనను. ఆ బొమ్మ కాగితం మీద అచ్చు తీసి తన బీరువా తలుపుకు లోపల అంటించుకోవాలి. ఏడాది పాటు రోజూ చూడాలి. ఏడాది తరువాత కూడా ఆ చేప మొదటి రోజులాగే నచ్చితే అప్పుడు ఆలోచించాలి. ఈలోగా టీకా మోతాదులు పూర్తి చేసుకోవాలి. చర్మం ఉబ్బే సంగతి డాక్టరుకు చూపించుకోవాలి. జపాను ఉద్యోగం సంగతి తేలాలి. కప్పుకోవలసి వస్తే కప్పుకోగలిగినంత చోటులోనే ఉండాలి. ఎవరి పేరూ వద్దు. స్నేహితులతో పందెం వేసుకుని వద్దు, మనసు విరిగిన నాడు అసలే వద్దు.

"అన్నీ చేశాక వేయించుకుంటానంటే?" అంది.

"నేనూ వస్తాను. మీ అవ్వ వాళ్ళమ్మలాగా చేతులు పట్టుకోను గాని, పక్కన కూర్చుంటాను. సూది కొత్తదో కాదో చూస్తాను" అన్నాను.

అయిదు నెలలయింది. చేప బీరువా తలుపు మీదే ఉంది. మొన్న వచ్చినప్పుడు చూసి, "అలలు కొంచెం ఎక్కువయ్యాయేమో అమ్మా" అంది. నేనేమీ అనలేదు. ఇంకా ఏడు నెలలుంది. అది ఏమవుతుందో నాకూ తెలియదు, తనకూ తెలియదు. పోయిన వారం మాత్రం అవ్వను పగటి వెలుగులో వాకిట్లో కూర్చోబెట్టి, తులసి కోట, తేలు, మణికట్టు చుక్కలు అన్నీ ఒక నోటు పుస్తకంలో గీసుకుంది. ఏ గీత తరువాత ఏ గీత పడిందో అడిగి రాసుకుంది. నొసటి చుక్క వద్దన్నారు అత్తగారు. గీయలేదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. మొన్న మా వీధిలో పెళ్ళికి వెళ్ళాం. అత్తగారు అలవాటుగా కొంగు చేతుల మీదికి లాక్కున్నారు. "ఉక్కగా ఉంది, తీసేయండత్తా" అన్నాను. ఆవిడ నా మొహం చూసి, మెల్లిగా కొంగు వెనక్కి వేసుకున్నారు. మీ ఇంట్లో కూడా ఇలాంటి చేతులుంటే, ఈ సాయంత్రం పక్కన కూర్చుని అడగండి. ఎవరు పొడిచారు, ఎందుకు పొడిపించుకున్నారు, ఇష్టపడే పొడిపించుకున్నారా అని. ఆ తరువాత మీ అమ్మాయితో మాట్లాడండి. మాట తేలికవుతుంది.